స్టేజి మీద గుయ్‌మనే శబ్దం, మైకు షాక్, సౌండ్ రాకపోవడం: ఏది ముందు చూడాలి

ఊరూరూ తిరిగే ఆర్కెస్ట్రాల్లో కీబోర్డు, గిటారు, ప్యాడ్లు వాయించేవాళ్ల కోసం రాస్తున్నాను. జాతరైనా, గణపతి నవరాత్రులైనా, పెళ్లి రిసెప్షనైనా వచ్చే ఇబ్బందులు ఇవే. రోజుకో ఊరు, ఊరికో కరెంటు. నిన్న రాత్రి చక్కగా మోగిన కీబోర్డు ఇవాళ గోల చేస్తుంటే, దాన్ని విప్పడానికి స్క్రూడ్రైవర్ తీయకండి. ముందు బయట చూడాల్సినవి చూడండి.

సౌండ్ అసలు రావడం లేదు

వైరు మార్చండి. గెయిన్ పెంచడం, కీబోర్డు ఆపి మళ్లీ వేయడం, సౌండ్ అతన్ని కేకేయడం, అన్నీ ఆ తర్వాతే. ఎన్నిసార్లు చెప్పినా ఈ ఒక్కటీ వదిలేసి మిగతావన్నీ చేస్తారు. ప్రోగ్రామ్ అయ్యాక అర్ధరాత్రి హడావుడిగా వైర్లను మోచేతికి చుట్టి వ్యాన్లో పడేస్తాం. జాక్ మెడ దగ్గర మెలిపడి లోపల టంకం ఊడిపోతుంది. కదిపినప్పుడల్లా కరకరలాడినా కారణం ఇదే. బాగా పనిచేసే వైరు ఒకదానికి ఎర్ర టేపు చుట్టి, పరీక్షకు తప్ప దేనికీ వాడకుండా సంచిలో విడిగా ఉంచుకోండి.

వైరు మంచిదైతే, యాక్టివ్ డీఐ బాక్సుకు (కీబోర్డు, గిటారు సిగ్నల్‌ను మిక్సర్‌కు సరిపడేలా మార్చే, కరెంటుతో నడిచే పెట్టె) మిక్సర్లో 48 వోల్టుల ఫాంటమ్ (మైకు వైరు గుండానే మిక్సర్ పంపే కరెంటు) వేశారా చూడండి. బ్యాటరీతో నడిచే పికప్ ఉన్న గిటారైతే 9 వోల్టుల బ్యాటరీ చూడండి. అలాంటి చాలా పికప్‌లలో జాక్ గుచ్చి ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. సౌండ్ చెక్ అయ్యాక భోజనానికి వెళ్తూ జాక్ పీకేసి వెళ్లండి.

సస్టెయిన్ పెడల్ తిరగబడి పనిచేస్తోంది

కీబోర్డు ఆపండి, పెడల్ గుచ్చండి, దాని మీద కాలు పెట్టకుండా ఆన్ చేయండి. చాలా కీబోర్డులు ఆన్ అయ్యేటప్పుడే పెడల్ ఏ రకమో గుర్తిస్తాయి.

గుయ్‌మంటోంది, ముట్టుకుంటే జిల్లుమంటోంది

స్పీకర్లలో ఆగకుండా గుయ్‌మనే శబ్దం. జాక్ లోహం మీద వేలు పెడితే ఆ శబ్దం తగ్గుతుంది, లేదా మారుతుంది. గిటారు పట్టుకుని పాడేవాళ్ల పెదవి మైకుకు తగిలితే జిల్లుమంటుంది. ఈ మూడూ కలిసి కనిపిస్తే ఎర్త్ లేదనే అనుకోండి. పాట ఆపించి, ఏదీ ముట్టుకోకుండా, కరెంటు చూడండి.

"బోర్డుకు మూడు కన్నాలున్నాయి కదా" అంటారు. మోసం అక్కడే ఉంది. పందిరి లైట్లకు వాడే ఎక్స్‌టెన్షన్ బోర్డుల్లో చాలావాటికి పైన మూడు కన్నాలుంటాయి, లోపలికి వచ్చేది రెండు వైర్లే. విప్పి చూస్తే పై పెద్ద కన్నం స్క్రూకు ఏమీ తగిలించి ఉండదు. కొత్త బోర్డు, మెరిసే పిన్నులు, బయటినుంచి ఏ లోపమూ కనపడదు. వైర్లు మారుస్తారు, డీఐ మారుస్తారు, మిక్సర్‌ను తిడతారు, ప్రోగ్రామ్ అలాగే నడిచిపోతుంది.

ఆంప్లిఫయర్లు, మిక్సర్లు, అడాప్టర్ల లోపల కరెంటు వైర్ల నుంచి బాడీకి చిన్న ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ ఉంటే వాటి లీకేజీ నేలలోకి పోతుంది. లేకపోతే బాడీ మీద 230లో సుమారు సగం వోల్టేజి తేలుతూ ఉంటుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి జిల్లుమని ఊరుకుంటుంది. కానీ ఆ బోర్డుకు గుచ్చిన వస్తువులన్నిటి ఎర్త్ పిన్నులూ లోపల ఒకదానికొకటి కలిసే ఉంటాయి. ఒక్క ఆంప్లిఫయర్‌లో ఇన్సులేషన్ పోయిందంటే పూర్తి 230 వోల్టులూ మైకు దాకా, గిటారు తీగల దాకా వస్తాయి. 1972లో స్కాట్లండ్ గిటారిస్ట్ లెస్ హార్వీ స్వాన్సీలో ఎర్త్ సరిగా లేని మైకు పట్టుకుని వేదిక మీదే చనిపోయాడు. అందుకే జిల్లుమన్న మైకుకు స్పాంజి తొడిగి పాట కొనసాగించడం నేను ఒప్పుకోను.

పరీక్షకు మల్టీమీటర్ చాలు. ఏసీ వోల్టుల మీద పెట్టి బోర్డులోనే చూడండి. ఫేజుకు, న్యూట్రల్‌కు మధ్య 230 దరిదాపుల్లో రావాలి, ఫేజుకు, ఎర్త్‌కు మధ్య కూడా దాదాపు అంతే రావాలి. న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మధ్య కొద్ది వోల్టులే ఉండాలి. ఫేజు-ఎర్త్ మధ్య అంకె వందకు అటూ ఇటూ ఊగుతుంటే ఎర్త్ లేనట్టే. పొడుగు వైరులో ఎర్త్ మధ్యలో తెగి ఉంటే మీటరు ఒక్కోసారి దొంగ అంకె చూపిస్తుంది. అనుమానముంటే బోర్డు నుంచి మన వస్తువులన్నీ పీకేశాక ఎలక్ట్రీషియన్ చేత టెస్ట్ లాంపుతో చూపించండి. వస్తువులు గుచ్చి ఉండగా లాంపు పెడితే వాటి బాడీలకు కరెంటు ఎక్కే ప్రమాదం ఉంది.

మందు ఒకటే: నిజమైన ఎర్త్ ఉన్న డిస్ట్రిబ్యూషన్ బాక్సు నుంచి త్రీ-కోర్ వైరు, దానికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైన్ ఆపేసే స్విచ్చి). జనరేటరైతే బాడీకి రాడ్ దిగ్గొట్టి, న్యూట్రల్‌ను కూడా ఎర్త్‌కు కలిపి ఉండాలి. అది ఎలక్ట్రీషియన్ చేయాల్సిన పని, పక్కనే నిలబడి చేయించుకోండి. కీబోర్డు ఒక్కదానికి స్టేజి వెనక విడిగా మేకు పాతి ఎర్త్ ఇస్తే సరిపోదు. ఫ్యూజు కొట్టేయడానికి తగినంత కరెంటు ఆ మేకు గుండా పోదు, పైగా రెండు ఎర్త్‌ల మధ్య కొత్త హమ్ (గుయ్‌మనే శబ్దం) పుడుతుంది.

షాక్ లేదు, మీటరు సరిగ్గానే ఉంది, అయినా హమ్

మిక్సర్ ఎక్కడుంది? జనం మధ్యలో, లైటింగ్ వాళ్ల లైన్ నుంచి కరెంటు తీసుకుని ఉంటే అది గ్రౌండ్ లూప్, అంటే రెండు ఎర్త్ దారులు ఆడియో వైరు గుండా కలిసి హమ్ పుట్టించడం. స్టేజి బోర్డు నుంచే మిక్సర్‌కు కరెంటు లాగండి. కుదరకపోతే డీఐ బాక్సు మీద గ్రౌండ్ లిఫ్ట్ (ఆడియో వైరు గ్రౌండ్‌ను మాత్రమే విడదీసే స్విచ్చి) నొక్కండి. ఎర్త్ పిన్ను విరిచేస్తే హమ్ పోతుంది నిజమే, దాంతోపాటు ప్రాణానికున్న రక్షణా పోతుంది. లాప్‌టాప్‌లో ట్రాకులు నడిపేవాళ్లు ఒకసారి చార్జర్ పీకి చూడండి. శబ్దం ఆగితే లాప్‌టాప్‌కు, మిక్సర్‌కు మధ్య ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ పెట్టండి. లైట్ల రంగు మారినప్పుడల్లా శబ్దం మారితే లైట్ల వైర్లను మన వైర్ల పక్క నుంచి తీసేయించండి, దాటక తప్పని చోట అడ్డంగా దాటించండి.

పాట మధ్యలో కీబోర్డు ఆగి మళ్లీ మొదలవుతోంది

లైట్లన్నీ ఒక్కసారి వేసినప్పుడు జనరేటర్ వోల్టేజి పడిపోతోంది. కీబోర్డుకు, లాప్‌టాప్‌కు చిన్న యూపీఎస్ పెట్టుకోండి.

వైర్‌లెస్ మైకు తెగిపోతోంది

కొత్త బ్యాటరీలు. తర్వాత రిసీవర్‌ను పాడేవాళ్లు కనిపించే చోటికి, ఎల్‌ఈడీ గోడకు దూరంగా జరపండి.

కీబోర్డు లోపలి పవర్ సప్లై పోవడం, మిక్సర్ ట్రాన్స్‌ఫార్మర్ మూలగడం అరుదు. పైవన్నీ అయ్యాక, మంచి ఎర్త్ ఉన్న ఇంట్లో ఒంటరిగా పెట్టి వాయించినా అదే శబ్దం వస్తే అప్పుడు మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి.