చిన్న అటవీ రోకలిబండను కొత్త జాతిగా వివరించడం ఎలా

ఆకుచెత్త కింద దొరికిన రోకలిబండ కొత్త జాతో కాదో దాని రంగును, పొడవును చూసి తేల్చలేం. తేల్చేవి ఎదిగిన మగదాని గోనోపాడ్లు, అంటే వీర్యాన్ని ఆడదానికి అందించడానికి రూపం మారిన కాళ్లు. ఆడవి, పిల్లలు డజను దొరికినా మగది ఒక్కటీ లేకపోతే వివరణ మొదలుపెట్టకపోవడమే మంచిది. తర్వాత వచ్చేవాళ్లు ఆ పేరును దేనితోనూ పోల్చి చూడలేరు. ఇక్కడి వివరాలన్నీ పాలీడెస్మిడా క్రమానికి చెందినవి. పక్కలకు అంచులు పొడుచుకొచ్చి చదునుగా కనిపించేవి ఇందులో చాలా ఉన్నాయి.

మగదాన్ని గుర్తించాలంటే వెల్లకిలా తిప్పి లెక్కపెట్టాలి. తల వెనకున్న మొదటి వలయానికి కాళ్లుండవు. 2, 3, 4 వలయాలకు ఒక్కో జత, ఐదో దాని నుంచి రెండేసి జతలు. ఏడో వలయంలో ముందు జత కాళ్లు ఉండాల్సిన చోట చిన్న గుంటలోంచి గోనోపాడ్లు కనిపిస్తే అది ఎదిగిన మగది. అక్కడ బొడిపెలు మాత్రమే ఉంటే ఇంకా ఎదగలేదన్నమాట. దొరికిన చోటి ఆకుచెత్తతోనే తేమగా ఉంచి, కుబుసం విడిచేదాకా పెంచండి. అడుగున నీరు నిలిస్తే బూజు పట్టి చచ్చిపోతుంది. రాత్రిపూట అతినీలలోహిత టార్చి వేస్తే వీటిలో చాలా జాతులు మెరుస్తాయి, వెతకడం తేలిక. ఒకే మూసిన డబ్బాలో ఎక్కువ వేయకండి. బాదం వాసన వచ్చిందంటే హైడ్రోజన్ సయనైడ్ వదులుతున్నాయని అర్థం, తమ విషానికి తామే చస్తాయి.

బతికుండగానే ఫొటోలు తీయాలి, ఎథనాల్‌లో రంగు పోతుంది. ఆ తర్వాత ఎక్కువ నమూనాలను 70–75 శాతం ఎథనాల్‌లో, డీఎన్ఏ కోసం ఒకటి రెండింటిని 95 శాతం దాటినదానిలో వేసి ఫ్రీజర్‌లో పెట్టండి. అన్నింటినీ గాఢమైనదానిలో వేస్తే బిరుసెక్కి, ముట్టుకుంటే కాళ్లు రాలతాయి. డీఎన్ఏకు నడుమ వలయాల నుంచి రెండు మూడు కాళ్లు చాలు. మగదాని ముందు కాళ్లు మాత్రం తీయకూడదు, జాతిని వేరుచేసే లక్షణాలు వాటిమీదా ఉండవచ్చు. లేబుల్ పెన్సిల్‌తో రాసి సీసా లోపలే వేయాలి. బాల్‌పెన్ సిరా ఎథనాల్‌లో కరిగిపోతుంది. చోటు, అక్షాంశ రేఖాంశాలు, ఎత్తు, తేదీ, సేకరించినవారి పేరు, ఎలాంటి చోట దొరికింది, ఇవన్నీ ఉండాలి. నెలను రోమన్ అంకెలో రాస్తే తేదీ, నెల తారుమారు కావు.

అసలు పని గోనోపాడ్ విడదీయడం. ఎథనాల్ పోసిన గిన్నెలో సన్నని ఇసుక పరిచి, నమూనాను అందులో కదలకుండా కూర్చోబెట్టండి. స్టీరియో మైక్రోస్కోప్ కింద సన్నని సూదితో గుంట అంచు చుట్టూ వదులు చేసి, మొన ఫోర్సెప్స్‌తో మొదలు పట్టుకుని ఒక్కదాన్నే తీయండి. రెండోది యథాస్థానంలో ఉండాలి, లేకపోతే అది శరీరంలో ఏ దిశలో వంగి ఉందో చూపలేరు. మసకగా ఉంటే లాక్టిక్ ఆమ్లంలో పారదర్శకం చేసి గ్లిజరిన్‌లో చూడండి. కవర్‌స్లిప్‌తో అదమకండి. గోనోపాడ్ చివర కొమ్మల్లా చీలిన భాగాల మధ్య కోణాలు చెదిరి, ఉన్న జాతే కొత్తదిలా కనిపిస్తుంది. వీర్యం సాగే సన్నని గాడి ఎక్కడ మొదలై ఏ కొమ్మ కొనకు చేరుతుందో వదలకుండా చూడండి. లోపలి వైపు నుంచి, బయటి వైపు నుంచి బొమ్మలు గీసి, ఎడమదో కుడిదో రాసి, కొలత గీత పెట్టండి. తీసిన గోనోపాడ్‌ను బుల్లి సీసాలో పెట్టి నమూనాతోపాటే ఉంచాలి.

కొత్తదని అనే ముందు రోకలిబండల పేర్ల ఆన్‌లైన్ జాబితా అయిన మిల్లీబేస్‌లో ఆ ప్రజాతి జాతులన్నీ చూసి, ప్రతిదాని తొలి వివరణా తెప్పించుకోండి. విసుగు పుట్టించే పనే, కానీ పాత జాతికే మళ్లీ పేరు పెట్టే పొరపాట్లు ఎక్కువగా ఇక్కడే జరుగుతాయి.

వివరణలో పొడవుకన్నా వెడల్పును నమ్మండి. వలయాలు ఒకదానిలోకొకటి జారతాయి కాబట్టి పొడవు మారుతుంది. వలయాల సంఖ్య (చివరి దాన్ని కలిపి ఎక్కువగా 20, కొన్నింటికి 19), బతికున్నప్పటి రంగు, ఎథనాల్‌లో రంగు, స్పర్శశృంగాలు, పక్క అంచులు, విష రంధ్రాలు రాయాలి. ఈ రంధ్రాలు సాధారణంగా 5, 7, 9, 10, 12, 13, 15–19 వలయాలపై ఉంటాయి, తేడా ఉంటే తప్పక చెప్పండి. జాతిని వేరుచేసే లక్షణాలను విడిగా, క్లుప్తంగా, దగ్గరి జాతుల పేర్లు చెప్పి పోలుస్తూ రాయాలి. ‘గోనోపాడ్ భిన్నంగా ఉంది’ అంటే సరిపోదు, ఏ కొమ్మ ఎలా భిన్నమో చెప్పాలి.

ఒక మగదాన్ని, పేరుకు ఆధారంగా నిలిచే ఒకే ఒక్క నమూనాగా, అంటే హోలోటైప్‌గా ప్రకటించి, అది ఏ సంగ్రహాలయంలో ఉందో నమోదు సంఖ్యతో ఇవ్వండి. మిగతావి పారాటైపులు, అంటే దానికి తోడుగా పేర్కొనే నమూనాలు. పేరు లాటిన్ అక్షరాల్లో ఉండాలి. విశేషణమైతే ప్రజాతి పేరు వ్యాకరణ లింగంతో పొసగాలి. వ్యక్తి పేరైతే పురుషుడికి చివర ‘ఐ’ (i), స్త్రీకి ‘ఏఈ’ (ae) అక్షరాలు చేర్చడం మామూలు. అమెరికా అడవుల రోకలిబండకు 2022లో గాయని టేలర్ స్విఫ్ట్ మీద పెట్టిన నన్నారియా స్విఫ్టే (Nannaria swiftae) ఇలా పుట్టిందే. వివరణ అచ్చయ్యేదాకా పేరు బయటపెట్టకండి.

పత్రం ఆన్‌లైన్‌లోనే వెలువడేదైతే ముందుగా జంతువుల శాస్త్రీయ నామాల అధికారిక నమోదు పట్టిక అయిన జూబ్యాంక్‌లో నమోదు చేయించి, ఆ ఆధారాన్ని పత్రం లోపల ముద్రించాలి. జంతువుల పేర్ల అంతర్జాతీయ నియమావళికి 2012లో చేసిన సవరణ ప్రకారం అది లేకపోతే పేరు చెల్లదు. చివరి ప్రూఫ్‌లో ఆ నమోదు ఉందో లేదో మీరే వెతికి చూసుకోండి.