పీఏ రీసర్టిఫికేషన్, సీఏక్యూ, ప్రమోషన్: మూడింటికీ కలిపి ప్లాన్ చేసుకోండి

అమెరికాలో ఫిజీషియన్ అసిస్టెంట్‌గా (పీఏ, అంటే డాక్టర్లతో కలిసి రోగులను చూసే ఉద్యోగి) ఉద్యోగం దొరికాక చాలామందికి, పీఏలకు సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ ఎన్‌సీసీపీఏ మళ్లీ గుర్తొచ్చేది గడువు ముంచుకొచ్చిన డిసెంబర్‌లోనే. మా ఎమర్జెన్సీలో చేరే కొత్త పీఏలందరికీ నేను మొదట చెప్పే మాట ఒక్కటే: చదివే ప్రతి గంటా రెండు మూడు చోట్ల పనికొచ్చేలా చదవండి.

సర్టిఫికేషన్ సైకిల్ పదేళ్లు. రెండేళ్లకోసారి 100 సీఎంఈ (ఉద్యోగంలో ఉంటూ కొనసాగించే వైద్య విద్య) క్రెడిట్లు చూపాలి, అందులో కనీసం 50 కేటగిరీ 1వి, అంటే ముందే గుర్తింపు పొందిన కార్యక్రమాలవి ఉండాలి. స్టూడెంట్లకు క్లినికల్ ట్రైనింగ్ ఇస్తుంటే, దానికి కేటగిరీ 1 క్రెడిట్లు వస్తాయేమో వాళ్ల ప్రోగ్రామ్‌ను అడగండి. సర్టిఫికెట్ అందిన రోజే లాగ్ చేసేయండి. పీడీఎఫ్ ఫైలు పేరులోనే తేదీ, కేటగిరీ, క్రెడిట్లు రాసి ఒకే ఫోల్డర్‌లో పెట్టుకుంటే ఆడిట్ వచ్చినా కంగారుండదు. స్టేట్ లైసెన్స్ రెన్యువల్ వేరే సంగతి, దాని గడువు విడిగా రాసుకోండి.

ఇక రీసర్టిఫికేషన్ పరీక్ష. దీనికి రెండు దారులున్నాయి. పాన్రే అంటే ఒకేసారి కూర్చుని 240 ప్రశ్నలు రాయడం. పాన్రే-ఎల్ఏ అంటే అదే పరీక్షను విడతలుగా రాయడం. నేనైతే పాన్రే-ఎల్ఏ వైపే మొగ్గుతాను. ఏడో ఏడాది నుంచి మూడు నెలలకోసారి 25 ప్రశ్నలొస్తాయి, ఒక్కోదానికి ఐదు నిమిషాలు. పుస్తకం చూసుకోవచ్చు. కానీ టైమర్ నడుస్తూనే ఉంటుంది కాబట్టి వెతుక్కుంటూ కూర్చుంటే కుదరదు. ముందు చివరి వాక్యం చదవండి, అడిగింది డయాగ్నసిసా, తర్వాత చేయాల్సిన పనా తేల్చుకోండి, మీ జవాబు ఏదో అనుకున్నాకే పుస్తకం తెరవండి. జవాబు ఇవ్వగానే తప్పొప్పులు, కారణం కనిపిస్తాయి. నేను ఆ కారణాన్ని నోట్‌బుక్‌లో ఎక్కించాకే తర్వాతి ప్రశ్నకు వెళ్తాను. మొత్తం 12 త్రైమాసికాల్లో బాగా వచ్చిన ఎనిమిదే లెక్కలోకి వస్తాయి. ఒక త్రైమాసికం సరిగ్గా రాయకపోయినా టెన్షన్ పడొద్దు. నైట్ డ్యూటీ దిగి మాత్రం ల్యాప్‌టాప్ తెరవకండి, ఇది గట్టిగా చెబుతున్నాను.

ఎమర్జెన్సీ మెడిసిన్, సైకియాట్రీ, ఆర్థోపెడిక్ సర్జరీ లాంటి స్పెషాలిటీల్లో సీఏక్యూ ఉంది, అంటే ఆ విభాగంలో అదనపు అర్హతకు ఎన్‌సీసీపీఏ ఇచ్చే సర్టిఫికెట్. దానికి ఆ విభాగంలో అనుభవం, అదే విభాగంలో కేటగిరీ 1 క్రెడిట్లు, మీ పని తెలిసిన డాక్టర్ లేదా సీనియర్ పీఏ ధ్రువీకరణ, ఆపైన పరీక్ష కావాలి. అందుకే మొదటి నుంచీ సీఎంఈలో ఎక్కువ భాగం మీ స్పెషాలిటీలోనే చేయమంటాను. అవే క్రెడిట్లు పదేళ్ల సైకిల్‌కూ చెల్లుతాయి. సీఏక్యూతో చట్టప్రకారం మీ పని పరిధి పెరగదు, జీతం కూడా దానంతట అది పెరగదు.

కాబట్టి ఫీజు కట్టకముందే మేనేజర్‌ను కలవండి. చేతిలో ఒక కాగితం ఉండాలి: ఎన్ని కుట్లు వేశారు, ఎన్ని లంబార్ పంక్చర్లు (వెన్ను నుంచి ద్రవం తీయడం) చేశారు, ఎంతమంది స్టూడెంట్లకు నేర్పారు. అది చూపించి మూడు విషయాలు అడగండి: ఫీజు సీఎంఈ అలవెన్స్ (చదువు ఖర్చులకు ఆసుపత్రి ఇచ్చే డబ్బు) నుంచి ఇస్తారా, సీఏక్యూ వస్తే జీతం ఎంత మారుతుంది, లీడ్ పీఏ పోస్టుకు దాన్ని పరిగణిస్తారా. వాళ్లు ఒప్పుకున్నది ఆ రోజే మెయిల్‌లో రాయించుకోండి.