నెలలు నిండకుండా పుట్టిన పాపాయి వయసు లెక్క

బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులు వేస్తే అరిసెలు పంచుకునే ఇళ్లలో పక్కింటి పిల్లలతో పోలిక తప్పదు. నెలలు నిండకుండా కన్న తల్లికి ఆ పోలిక ఎంతో బాధ. అందుకే చెబుతున్నాను: బిడ్డ ఎదుగుదల చూసేటప్పుడు పుట్టిన తేదీని కాకుండా, డాక్టరు ముందుగా చెప్పిన కాన్పు తేదీని పట్టుకుని వయసు లెక్కించండి. 2 నెలలు ముందుగా పుట్టిన పాపకు ఇప్పుడు 6 నెలలైతే, 4 నెలల పాప చేసే పనులే ఆశించాలి. రెండేళ్లు నిండేదాకా ఇదే లెక్క. టీకాలకు మాత్రం పుట్టిన తేదీయే ప్రమాణం, అక్కడ పొరపాటు పడకండి.

మా చెల్లెలి కూతురు అలాగే 2 నెలలు ముందు పుట్టింది. 9 నెలలు వచ్చినా రెండు అరచేతులు ముందుకు చాప మీద ఆనించి, వాటి ఊతంతోనే కూర్చునేది. చెయ్యి ఎత్తగానే పక్కకు ఒరిగిపోయేది. ఇంట్లో అందరికీ దిగులే. లెక్క సరిచేసి చూస్తే 7 నెలల బిడ్డ కూర్చునే తీరే అది! నడక కూడా అంతే, 18 నెలలలోపు ఎప్పుడు వచ్చినా సహజమే.

అయితే శబ్దానికి తల తిప్పకపోయినా, ఏడాది నిండకముందే ఒక్క చేతినే వాడుతున్నా, వచ్చిన మాటలు మానేసినా లెక్కలు వేస్తూ ఆగవద్దు. ఆ వారమే పిల్లల డాక్టరుకు చూపించండి. వెళ్లేటప్పుడు మాతా శిశు సంరక్షణ కార్డు తప్పక తీసుకువెళ్లండి.