సీజియం లెడ్ అయోడైడ్ నానోస్ఫటికాలు పసుపెక్కకుండా: సీసం చోట కొంత జింకు

సీజియం లెడ్ అయోడైడ్ నానోస్ఫటికాలు ఎర్రగా ఉన్నంతసేపే పనికొస్తాయి. తేమ తగిలితే నిర్మాణం మారి పసుపు రంగుకు తిరుగుతాయి, ఎర్రటి వెలుగు పోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో తడిసే తిరుపతిలో ఈ బెడద మరీ ఎక్కువ. సీసం అయాన్లలో కొన్నింటి చోట జింకును ఎక్కిస్తే ఆ మార్పు నెమ్మదిస్తుంది.

సీసం అయాన్ వ్యాసార్థం 1.19 ఆంగ్‌స్ట్రాములు, జింకుది 0.74. చిన్న అయాన్ చేరినప్పుడు అయోడైడ్ చట్రం కుంచించుకుంటుంది, సీజియం చుట్టూ వదులు తగ్గుతుంది, టాలరెన్స్ ఫ్యాక్టర్ (అయాన్ల సైజులు స్ఫటికంలో ఒకదానికొకటి ఎంత సరిపోతాయో చెప్పే అంకె) పెరుగుతుంది. (జింకు లేని స్ఫటికానికి ఈ ఫ్యాక్టర్, సీజియం వ్యాసార్థం 1.67 అనుకుంటే 0.81, 1.88 అనుకుంటే 0.85. రెండు పేపర్ల అంకెలు పోల్చేముందు ఎవరు ఏది వాడారో చూడాలి.)

తయారీలో ముందు సీజియం ఒలియేట్, అంటే సీజియాన్ని అందించే ద్రావణం. సీజియం కార్బొనేట్ 0.407 గ్రాములు, ఆక్టాడెసీన్ 20 మి.లీ., ఒలీయిక్ యాసిడ్ 1.25 మి.లీ. కలిపి 120 డిగ్రీల వద్ద గంటసేపు వాక్యూమ్‌లో ఉంచండి. తర్వాత నైట్రోజన్ కింద 150 డిగ్రీలకు తీసుకెళ్తే తేటపడుతుంది. చల్లారితే గడ్డకడుతుంది కాబట్టి వాడేముందు 100 డిగ్రీలకు వేడిచేయాలి.

మరో ఫ్లాస్కులో లెడ్ అయోడైడ్ 87 మి.గ్రా. (0.188 మిల్లీమోల్), ఆక్టాడెసీన్ 5 మి.లీ. వేయండి. జింక్ అయోడైడ్, సీసం మోల్‌లలో 10 శాతానికి 6 మి.గ్రా., 20 శాతానికి 12 మి.గ్రా. చాలు. దాన్ని గ్లవ్‌బాక్సులోనే (తేమలేని వాయువు నింపిన మూసిన పెట్టెలోనే) తూయండి. బయట తూస్తే గాలిలో తేమ పీల్చేసుకుంటుంది, మీరు తూచింది సగం నీళ్లే కావచ్చు. గోధుమ రంగు తిరిగిన సీసా అయితే అయోడిన్ విడిపోతున్నట్టు, పక్కన పెట్టేయండి.

120 డిగ్రీల వద్ద గంట వాక్యూమ్ తర్వాత నైట్రోజన్ కింద, ముందే ఆరబెట్టిన ఒలీలమీన్, ఒలీయిక్ యాసిడ్ చెరో 0.5 మి.లీ. ఇవ్వండి. ఉప్పులు పూర్తిగా కరిగాకే 165 డిగ్రీలకు పెంచి, సీజియం ఒలియేట్ 0.4 మి.లీ. ఒక్కసారిగా ఎక్కించి, 5 సెకన్లకు ఐసు నీళ్లలో దించండి.

శుద్ధి దగ్గరే ఎక్కువమంది పోగొట్టుకుంటారు. ఇథనాల్, అసిటోన్ లిగాండ్లను (స్ఫటికం ఉపరితలాన్ని కప్పి కాపాడే అణువులను) ఊడదీసి స్ఫటికాన్నే పాడుచేస్తాయి. ద్రావణానికి మూడింతలు మిథైల్ అసిటేట్ కలిపి, 8000 ఆర్‌పీఎం వద్ద 5 నిమిషాలు తిప్పి, అడుగుదాన్ని 3 మి.లీ. హెక్సేన్‌లో కరిగించండి. సమాన పరిమాణం మిథైల్ అసిటేట్‌తో ఇంకోసారి కడిగి, హెక్సేన్‌లో ఫ్రిజ్‌లో 48 గంటలుంచితే మిగిలిపోయిన ఒలియేట్లు అడుగున దిగుతాయి, వాటిని తీసేయండి.

ఫ్లాస్కులో వేసిన 20 శాతం స్ఫటికంలోకి వెళ్లదు, వెళ్లేది చాలా తక్కువ. నైట్రిక్ యాసిడ్‌లో కరిగించి ఐసీపీ (ఏ మూలకం ఎంతుందో కొలిచే పరీక్ష) చేయించనిదే శాతం రాయకండి. కడగకుండా ఇస్తే బయట అంటుకున్న జింకు కూడా లెక్కలోకి వస్తుంది. ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్-కిరణాలతో స్ఫటిక నిర్మాణం చూసే పరీక్షలో) 14, 28 డిగ్రీల దగ్గరి శిఖరాలు కాస్త పెద్ద కోణాల వైపు జరిగితే చట్రం కుంచించుకున్నట్టు. 10 డిగ్రీల దగ్గర కొత్త శిఖరం లేచిందా, పసుపు రూపం మొదలైంది.

ఇంకో చిక్కుంది. జింక్ అయోడైడ్ జింకుతోపాటు అదనపు అయోడైడ్‌ను కూడా తెస్తుంది, అది ఒక్కటే ఉపరితల లోపాలను పూడ్చి మెరుగు చూపించగలదు. కాబట్టి జింకు లేకుండా అమోనియం అయోడైడ్ 11 మి.గ్రా. వేసిన బ్యాచ్ పక్కన తప్పక ఉండాలి. 20 శాతం బ్యాచ్‌లోని అదనపు అయోడైడ్‌కు అది సమానం. ఈ కంట్రోల్ లేని ఫలితం నమ్మదగ్గది కాదు.

నిలకడ పరీక్షకు గది గాలిని నమ్ముకోవద్దు, మే నెల గాలి వేరు, నవంబరు గాలి వేరు. మూతబిగిసే గాజు డబ్బాలో వంట ఉప్పును కరగకుండా మిగిలేంత ఎక్కువగా నీళ్లలో వేసి పెడితే లోపల తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. గాజు పలకల మీద ఆరిన అన్ని బ్యాచ్‌ల పూతలనూ ఒకేసారి అందులో ఉంచి, రోజూ ఒకే వేళకు వాటి ఎర్రటి వెలుగు తీవ్రత కొలవండి.

కడిగిన ద్రవాలన్నింటిలో సీసం ఉంటుంది, సింకులో పోయకుండా విడి సీసాలో పోసి పేరు రాసి పెట్టండి.