శ్రీశైలం నడక: ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి

మాఘమాసం దగ్గరపడుతుందంటే మా పాలమూరు, నల్లగొండ వైపు శివరాత్రికి శ్రీశైలం నడిచేందుకు మాల వేసుకున్న స్వాములు ఒకరినొకరు అడిగే మొదటి మాట "ఈసారి ఎక్కడి నుంచి?" అనే. ఇంటి గడప నుంచి నడిచినవాళ్లదే అసలు నడక అనీ, అచ్చంపేట దాకా బస్సులో వచ్చి మొదలుపెట్టినవాళ్లది సగం నడక అనీ ఒక లెక్క ఉంది. ఆ లెక్కకు పడిపోయి, ఉద్యోగానికి నాలుగు రోజులే సెలవు దొరికినా ఊరి నుంచే బయల్దేరి, రోజుకు నలభై కిలోమీటర్లు లాగి, అడవి మొదలయ్యేసరికి కుంటేవాళ్లు ప్రతి ఏడాదీ కనిపిస్తారు.

నా మాట వింటే, ముందు పటంలో మన్ననూరు దగ్గర వేలు పెట్టి అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టండి. మన ఇల్లు ఆ లెక్కలో పడితే సంతోషం, పడకపోతే బస్సెక్కి ముందుకు రండి.

మన్ననూరే ఎందుకంటే, శ్రీశైలం హైవే మీద అక్కడి చెక్‌పోస్టు దాటితే అమ్రాబాద్ పులుల అభయారణ్యం. అక్కడి నుంచి గుడి దాకా 70 కిలోమీటర్ల పైనే ఉంటుంది. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా ఆ దారిలో వాహనాలను వదలరు. మధ్యలో ఊరని చెప్పుకోదగ్గవి వటవర్లపల్లి, ఆ తర్వాత దోమలపెంట, ఈగలపెంట. చాలా చోట్ల ఫోన్ సిగ్నల్ అందదు. మైదానంలో కాలు పట్టేస్తే ఆటో ఎక్కి పక్క ఊరికి పోవచ్చు. ఇక్కడ ఎంత నొప్పి ఉన్నా చీకటి పడేలోపు తర్వాతి మజిలీ చేరాల్సిందే. కాబట్టి మన్ననూరులో పొక్కుల్లేని కాళ్లతో, రాత్రి బాగా పడుకుని, తెల్లవారాక గేటు దాటేలా ఉండాలి. శివరాత్రికి కనీసం నాలుగు రోజుల ముందు ఆ గేటు దాటితే అడవికి మూడు రోజులు, క్యూలైన్‌కు ఒక రోజు మిగులుతాయి.

ఇక వెనక్కి రండి. కొత్తవాళ్లు రోజుకు 20 నుంచి 25 కిలోమీటర్ల కంటే ఎక్కువ పెట్టుకోవద్దు. ఆ వేగంతో కల్వకుర్తి వాళ్లు రెండు మూడు రోజుల్లో మన్ననూరు చేరతారు. మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, అచ్చంపేట మీదుగా అయితే నాలుగైదు రోజులు. నల్లగొండ వాళ్లకు దేవరకొండ, డిండి మీదుగా ఐదారు రోజులు పడుతుంది. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లకూ దాదాపు అంతే, కానీ తుక్కుగూడ, కడ్తాల్, ఆమనగల్లు వైపు హైవే మీద బండ్ల రద్దీ వేరు. నాగర్‌కర్నూల్ దారి దానికంటే నిమ్మళం. సెలవు తక్కువైతే డిండి దగ్గరో అచ్చంపేట దగ్గరో మొదలుపెట్టండి.

గడప నుంచి నడవలేకపోయామని మనసు పీకేవాళ్లకు ఉమామహేశ్వరం ఉంది. అచ్చంపేట దగ్గర రంగాపూర్ గుట్టల్లోని ఈ క్షేత్రం శ్రీశైలానికి ఉత్తర ద్వారం. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమరన అలంపురం మిగతా మూడు ద్వారాలు. ద్వారం దగ్గర మొక్కి, అక్కడి నుంచి మన్ననూరు మీదుగా నడిచినదాన్ని సగం నడక అనే హక్కు ఎవరికీ లేదు. నల్లగొండ వైపు పెద్దలు ఈశాన్యాన ఉన్న ఉపద్వారం ఏలేశ్వరం పేరు చెబుతారు. ఆ ఊరు నాగార్జునసాగర్ నీళ్లలో మునిగింది కాబట్టి నడక అక్కడి నుంచి కుదరదు. దేవరకొండ దారే మీ దారి.

గద్వాల, అలంపురం వాళ్లకు ఇంకో దారి ఉంది. కర్నూలు, ఆత్మకూరు మీదుగా వెంకటాపురం చేరి, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను దాటి కైలాసద్వారం ఎక్కే పాత కాలిబాట అది. ఉగాదికి కన్నడ భక్తులు ఎక్కువగా వచ్చేదీ ఆ బాటలోనే. సామాన్ల బండి మన వెంట రాదు, రాళ్ల దారి, చివర్లో నిట్టనిలువు ఎక్కుడు. పండుగ రోజుల్లో అటవీశాఖ అనుమతించినప్పుడే పోవాలి. మొదటిసారి నడిచేవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు దాన్ని ఎంచుకోకపోవడమే మంచిది. రోడ్డు దారిలో వెంట డీసీఎం (చిన్న లారీ) ఉంటుంది, ఎవరికైనా బాగాలేకపోతే ఎక్కించొచ్చు.

ఎక్కడ మొదలుపెట్టినా అసలు ప్రమాదం పులి కంటే ముందు లారీయే. ఎండకు భయపడి రాత్రి నడుద్దామంటారు చాలామంది. శివరాత్రి బహుళ చతుర్దశి నాడు వస్తుంది. అంటే మనం నడిచేవన్నీ కృష్ణపక్షపు రాత్రులు, చంద్రుడు వచ్చేదే ఆలస్యం. చైత్ర పౌర్ణమికి నల్లమల అడవిలోని సలేశ్వరం పోయినప్పటి వెన్నెల ఇక్కడ ఉండదు. పైగా శివరాత్రి రోజులు మా వైపు పల్లికాయ పీకే కాలం. వెనక లైటు లేని ట్రాక్టర్లు, రోడ్డు అంచున ఆపిన ట్రాలీలు ఎక్కడపడితే అక్కడ. అందుకని పొద్దున ఐదు నుంచి పది, మళ్లీ సాయంత్రం నాలుగు నుంచి చీకటి పడేదాకా నడవండి. తెల్లవారకముందు నడిచే ఆ కాసేపు కూడా మైదానంలోనే, అడవిలో వద్దు. రోడ్డుకు కుడివైపు, ఎదురుగా వచ్చే బండి కనిపించేలా ఒకరి వెనక ఒకరు నడవాలి. నల్ల దుస్తుల స్వాములైనా, కాషాయం వాళ్లైనా పైన మెరిసే జాకెట్ వేసుకోవాలి. కనీసం ముందున్నవాళ్లు, చివర ఉన్నవాళ్లు తప్పకుండా. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, స్పీకర్‌లో భజనలు రెండూ హారన్‌ను మింగేస్తాయి.

కాళ్ల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. వట్టికాళ్లతో నడిచేవాళ్లు మధ్యాహ్నం తారు కాలుతోందని తెల్లగీత దాటి మట్టి అంచుకు దిగుతారు. ఆ అంచున ఎండిపోయిన పల్లేరు కాయలు ఉంటాయి. ముల్లు లోపల విరిగితే పైకి చిన్న చుక్కే కనిపిస్తుంది, మర్నాటికి మడమ మోపలేం. నడక ఆపిన వెంటనే కాళ్లు కడిగి, తుడిచి, టార్చి వేసి పాదాన్ని బొటనవేలితో నొక్కుతూ చూసుకోండి. వేళ్ల సందులు తడిగా వదిలేస్తే అక్కడే చర్మం ఒలుస్తుంది. పొక్కు లేస్తే దాని తోలు పీకొద్దు. శుభ్రంగా కడిగి, పైన మెత్తటి గుడ్డ కట్టండి. పంచె తడిసి తొడలు ఒరుసుకోవడం ఇంకో నరకం. బయల్దేరే ముందే కొబ్బరినూనె రాసుకుంటే చాలావరకు తప్పుతుంది. మండల దీక్ష 41 రోజులు ఉంటుంది కదా, అందులో రోజూ వట్టికాళ్లతో కొంత దూరం నడిచి పాదాలను అలవాటు చేయాలి. ఒకసారి వరుసగా రెండు రోజులు పదిహేనేసి కిలోమీటర్లు నడిచి చూడండి. మొదటి రోజు అందరూ వీరులే. రెండో రోజు పొద్దున మంచం దిగేటప్పుడు పిక్కలు ఏమంటాయో చూసి, దాన్నిబట్టి మొదలుపెట్టే ఊరు ఖాయం చేసుకోండి.

షుగర్ ఉన్నవాళ్లకు పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. ముల్లు దిగినా, తారు కాలినా తెలియదు. వాళ్లు చెప్పులు వేసుకుంటే దీక్ష చెడదని గురుస్వామే అందరి ముందు చెప్పాలి, లేకపోతే మొహమాటానికి విప్పేస్తారు. రోజంతా నడిస్తే షుగర్ బాగా పడిపోతుంది. మందు డోసు గురించి మాల వేసుకునేటప్పుడే డాక్టర్‌ను అడగాలి, జేబులో బెల్లమో గ్లూకోజో ఉండాలి. చెమటలు పట్టి, చేతులు వణికితే ఆ రోజు ఉపవాసం అక్కడితో ఆపేయాలి. ఛాతీ బరువుగా ఉందని ఎవరన్నా అంటే గ్యాస్ అని సోడా తాగించకుండా 108కి ఫోన్ చేయండి. ఓఆర్ఎస్‌ను ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి, సగం పొడి ఒకరికి సగం ఇంకొకరికి అని పంచొద్దు. దారిలో అన్నదానం టెంట్లకు కొదవ ఉండదు. పొగలు వచ్చే అన్నం తినండి, పొద్దున కలిపి పెట్టిన పెరుగన్నానికి దండం పెట్టి ముందుకు పొండి.

అడవిలో గుంపు వదలొద్దు, మలవిసర్జనకైనా ఇద్దరు వెళ్లాలి. ఎలుగుబంట్లు, చిరుతలు ఉన్న చోటు అది. ఆ కాలానికి ఆకులన్నీ రాలి ఎండి ఉంటాయి, బీడీ పడేసినా, పొయ్యి పెట్టినా అడవి అంటుకుంటుంది. ప్లాస్టిక్ సీసాలు తీసుకుపోవద్దు, స్టీలు సీసాలు పట్టుకోండి. కోతులకు అరటిపండు చూపించారా, మీ ఇరుముడి మీదికే వస్తాయి. అడ్డదారి ఉందని ఎవరైనా అంటే వినొద్దు, రోడ్డు విడిచి అడవిలోకి పోవడం నేరం కూడా.

డిండి ప్రాజెక్టు దగ్గర స్నానానికి, ఈత వచ్చినా సరే, లోపలికి దిగొద్దు. అలసిన పిక్క నీళ్లలో పట్టేస్తుంది. శ్రీశైలంలో పాతాళగంగ దగ్గరా అంతే, అది డ్యాం వెనక జలాశయం, నీటిమట్టం ఎప్పుడు మారుతుందో చెప్పలేం. ఈగలపెంట దాటాక కృష్ణ వంతెన దాకా ఘాట్ దిగుడు. మోకాళ్లు అక్కడే దెబ్బతింటాయి. గమ్యం దగ్గరపడిందని పరుగు తీయకుండా చేతికర్రతో చిన్న అడుగులు వేయండి, వంతెన తర్వాత మళ్లీ ఎక్కాలి.

తిరుగు ప్రయాణం గురించి బయల్దేరే రోజే మాట్లాడుకోండి. శివరాత్రి మర్నాడు అందరం డీసీఎం ఎక్కి నిద్రపోతాం, మలుపుల ఘాట్‌లో మెలకువగా ఉండాల్సింది డ్రైవర్ ఒక్కడే. అతనికి ముందు రోజే దర్శనం చేయించి, జాగారం చేయనివ్వకుండా ఎక్కడైనా పడుకోబెట్టండి.