చంటిబిడ్డతో ఊరెళ్దాం – 3వ పాఠం: వాడి నిద్ర, మన తిరుగుడు

కిందటి పాఠంలో ఒక పని ఇచ్చాను. వరసగా మూడు రోజులు మీ బిడ్డ ఎప్పుడు లేచింది, ఎప్పుడు పడుకుంది, ఎప్పుడు తింది అనేది ఒక కాగితం మీద రాయమన్నాను. రాసి ఉంటే ఆ కాగితం పక్కన పెట్టుకోండి. రాయకపోతే ఈ పాఠం ఇక్కడే ఆపి, మూడు రోజులాగి రండి. సంచి ఎలా సర్దాలో, దారిలో ఏం తినిపించాలో ఎవరైనా చెప్తారు. ఈ కాగితం మాత్రం మీ ఇంట్లోనే తయారవ్వాలి.

ఇవాళ నేర్చుకునేది ఒకటే పని: బిడ్డ రెండు నిద్రల మధ్య దొరికే ఖాళీలో చుట్టాలనీ, చూడాల్సిన చోట్లనీ అమర్చుకోవడం. ఉదాహరణకి మా హనుమకొండ ప్రయాణమే తీసుకుంటాను. మా ఆయన మేనత్త (నేను అత్తమ్మ అనేది ఆమెనే) వాళ్లది అక్కడే. హైదరాబాదు నుంచి సుమారు 150 కిలోమీటర్లు. చుట్టాలకి చుట్టాలు, కాకతీయుల కట్టడాలకి కట్టడాలు.

ముందు నేను చేసిన తప్పు చెప్తాను. మావాడికి ఏడో నెలలో మొదటిసారి వెళ్లాం. ఉన్నది రెండు రోజులే కదా అని మొదటి రోజే అన్నీ పెట్టుకున్నాం. పొద్దున వేయిస్తంభాల గుడి, మధ్యాహ్నం మరిది వాళ్లింట్లో భోజనం, ఆ తర్వాత ఖిలా వరంగల్, దారిలో ఇంకో ఇంట్లో టీ, చీకటి పడేసరికి భద్రకాళి గుడి. కోటలో నాకు ఒకే ఒక్క ఫోటో ఉంది. అందులో కీర్తి తోరణం వైపు నా వీపు, నా భుజం మీద ఏడుస్తున్న బిడ్డ. రాత్రి ఏడున్నరకి మొదలైన ఏడుపు తొమ్మిదైనా ఆగలేదు. ఇంటిల్లిపాదీ దిష్టి అని తేల్చేశారు. అత్తమ్మ ఉప్పు, ఎండుమిరపకాయలు తెచ్చి మూడుసార్లు తిప్పి పారేసింది. పది నిమిషాల్లో వాడు పడుకున్నాడు. ఆ క్రెడిట్ మా చుట్టాల్లో ఇప్పటికీ మిరపకాయలదే. నిజానికి ఆ రోజు పగలంతా కలిపి వాడు నిద్రపోయింది నలభై నిమిషాలు.

రెండోసారి తొమ్మిదో నెలలో వెళ్లాం, సంక్రాంతి సెలవులు అయిపోయాక. ఈసారి కాగితం పట్టుకుని వెళ్లాం.

కాగితం చదవడం

అప్పటికి మావాడి లెక్క ఇది. పొద్దున ఆరున్నరకి లేస్తాడు. తొమ్మిదింబావు నుంచి గంటసేపు నిద్ర. మళ్లీ ఒంటిగంటకి గంటన్నర. సాయంత్రం అయిదింటికి ఒక కునుకు తీస్తే తీస్తాడు, లేకపోతే లేదు. రాత్రి ఎనిమిదికి పడక. నాలుగు నెలల నుంచి ఏడాది లోపు పిల్లలకి రోజు మొత్తం మీద 12 నుంచి 16 గంటల నిద్ర కావాలంటారు. మీ కాగితంలో మొత్తం అటూ ఇటూ అక్కడికే వస్తుంది.

ఇప్పుడు నిద్రలని వదిలేసి ఖాళీలని చూడండి. ఆరున్నర నుంచి తొమ్మిదింబావు, పదింబావు నుంచి ఒంటిగంట, రెండున్నర నుంచి అయిదు. మూడు ఖాళీలు, ఒక్కోటి దాదాపు రెండున్నర గంటలు. ప్రతి దాంట్లోంచి తినిపించడానికి అరగంట తీసేయండి. డైపర్, బట్టలు, ఊరికే వచ్చే పేచీ కలిపి ఇంకో అరగంట తీసేయండి. మిగిలేది గంటన్నర. అంటే రోజులో మీ చేతిలో ఉన్నవి గంటన్నర ముక్కలు మూడు.

ఒకటి చూడాల్సిన చోటుకి. ఒకటి చుట్టాలకి. మూడోది ఎవరికీ ఇవ్వకండి. ఆ ముక్కలో బిడ్డ చాప మీద పాకుతుంది, మీరు పక్కన కాళ్లు చాపుకుని కూర్చుంటారు. ఆలస్యాలు, విరేచనాలు, అనుకోకుండా వచ్చిన పెద్దనాన్న, అన్నీ ఆ ముక్కలోకే పోతాయి. మొదటిసారి మాకు లేనిది ఈ మూడో ముక్కే.

మీ బిడ్డ మూడు నెలల లోపుదైతే ఈ లెక్క పనిచేయదు. అంత చిన్నపిల్లలు గంట, గంటన్నరకోసారి పడుకుంటారు. వాళ్లు పాలు తాగి, మీరు కట్టుకున్న గుడ్డ ఉయ్యాలలో మీ గుండెకి ఆనుకుని నిద్రపోతున్నప్పుడే మీరు ఏదైనా చూడగలరు.

రామప్ప రోజు

పెద్ద చోటుకి దారే పెద్ద సమస్య. హనుమకొండ నుంచి పాలంపేట రామప్ప గుడికి 65, 70 కిలోమీటర్లు. కారులో గంటన్నర పడుతుంది. ఈ గంటన్నరని ఖాళీలో పెట్టారా, మీ ముక్క మొత్తం దారికే అయిపోతుంది. దాన్ని నిద్రలో పెట్టాలి. ఈ పాఠం మొత్తంలో ఒక్క మాటే గుర్తుంటుందంటే ఇది గుర్తుపెట్టుకోండి: దారి నిద్రలోకి, గుడి మెలకువలోకి.

మేం చేసింది ఇదీ. ఎనిమిదిన్నరకి రాగి జావ తినిపించాం. తొమ్మిదికి కారెక్కాం. వెనక సీట్లో, వెనక్కి తిరిగి ఉండే బేబీ సీట్లో వాణ్ని కట్టాం. "సీటెందుకు, నా ఒళ్లో పండుకుంటడు" అంది అత్తమ్మ. ఆమె ఒళ్లో ఎంత హాయో నాకూ తెలుసు, కానీ సడన్ బ్రేకు పడితే ఏ చేతులూ బిడ్డని ఆపలేవు. ఊరు దాటేలోపే వాడు పడుకున్నాడు. ములుగు దాటి హైవే వదిలే చోట లేచాడు. పదిన్నరకి గుడి ముందున్నాం, నిద్ర తీరిన బిడ్డతో.

మీకున్నది గంటన్నర. గుడంతా చూడలేరు. అందుకే ముందు రోజు రాత్రి, బిడ్డ పడుకున్నాక, మూడు చూడాల్సినవి ఎంచుకోండి. చదవాల్సిందంతా అప్పుడే చదివేయండి. కాకతీయ రాజు గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో దీన్ని కట్టించాడని అక్కడి శాసనం చెప్తుంది. అసలు దేవుడి పేరు రుద్రేశ్వరుడు. రామప్ప అనేది శిల్పి పేరని జనంలో ఉన్న మాట. పునాదిలో ఇసుక నింపి కట్టారు. శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్ల మీద తేలేంత తేలిక. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదల్లో చేరింది. ఇవన్నీ మంచం మీద పడుకుని తెలుసుకోవచ్చు. చంకలో బిడ్డతో బోర్డు ముందు నిలబడి చదవాల్సిన పని లేదు.

మా మూడు ఇవి: బయటి గోడ అడుగున వరసగా నడిచే ఏనుగులు, చూరు కింద ఒంపులు తిరిగిన నల్లరాతి మదనికలు (అందగత్తెల శిల్పాలు), ఎదురుగా ఉన్న నంది. ఏనుగుల్ని ఎందుకు ఎంచుకున్నానంటే అవి ఎత్తులో లేవు. చంకలో ఉన్న బిడ్డ కంటికి నేరుగా ఆనతాయి. మావాడు ఒక్కో ఏనుగు దగ్గరా "బ్బా" అన్నాడు. మదనికలు వాడికి పట్టలేదు, అవి నా కోసం. వాళ్లలో ఒకామె కాళ్లకి ఎత్తు మడమల చెప్పులుంటాయి, తల ఎత్తి వెతకండి.

స్ట్రోలర్ కారులోనే వదిలేయండి. గుడి ఆరడుగుల ఎత్తు అరుగు మీద ఉంది, మెట్లెక్కాలి. చెప్పులు విడవాలి కూడా. జనవరిలో ఆ రాయి చల్లగా ఉంటుంది. ఎండాకాలం పదకొండయితే పెద్దవాళ్ల కాళ్లే ఆగవు, బిడ్డని కింద దించే మాటే లేదు. ఏప్రిల్, మే నెలల్లో వెళ్లక తప్పకపోతే పొద్దుటి ముక్కని వాడుకోండి: చీకటితోనే బయల్దేరి, ఎండ ముదిరేలోపు తిరుగుముఖం పట్టండి.

గుళ్లో ఇద్దరూ కలిసి చూడటం అనే ఆశ వదులుకోండి. మేం దానికి "ఒకరు చూపు, ఒకరు కాపు" అని పేరు పెట్టుకున్నాం. పావుగంట నేను చూస్తాను, ఆయన గడ్డి మీద దుప్పటి పరిచి బిడ్డతో ఉంటాడు. తర్వాత ఆయన వంతు. కాపు కాసేవాళ్లు ఫోను చూడకూడదు. పాకే పిల్లలు గులకరాయిని నోట్లో పెట్టుకోవడానికి రెండు సెకన్లు చాలు.

పన్నెండింటికి కారులో పాలిచ్చాను, నీడలో తలుపులు తీసుకుని. పన్నెండుంబావుకి బయల్దేరాం. ములుగు వచ్చేలోపు మధ్యాహ్నం నిద్ర పట్టేసింది.

ఇక్కడే ఒక శత్రువు మీదకొస్తుంది. దాని పేరు "పక్కనే కదా". రామప్ప చెరువు పక్కనే కదా. లక్నవరం చెరువు ఎంతో దూరం లేదు కదా. మా ఆయన రెండుసార్లు అన్నాడు, డ్రైవరు ఒకసారి అన్నాడు. వెళ్లలేదు. వెళ్లి ఉంటే మధ్యాహ్నం నిద్ర పోయేది, దాంతోపాటు ఆ రాత్రి మా నిద్ర కూడా.

ఇంకో మాట. రెండేళ్లకోసారి మాఘ మాసంలో మేడారం జాతర జరుగుతుంది. జనమంతా వెళ్లేది ఈ ములుగు దారినే. ఆ రోజుల్లో చంటిబిడ్డతో రామప్ప పెట్టుకోకండి, గంటన్నర దారి ఎన్ని గంటలవుతుందో ఎవరూ చెప్పలేరు.

కోట, వేయిస్తంభాల గుడి

ఇవి ఊళ్లోనే కాబట్టి సులువు. ఖిలా వరంగల్‌కి మధ్యాహ్నం నిద్ర లేచాక వెళ్లండి. నాలుగు కీర్తి తోరణాల మధ్య స్వయంభూ దేవాలయం శిథిలాలు, చుట్టూ విశాలమైన మైదానం ఉంటాయి. పాకే పిల్లలకి ఇంతకంటే మంచి చోటు చెప్పలేను. తెలంగాణ రాజముద్రలో ఉన్నది ఈ తోరణమే. రాతికోటని గణపతిదేవుడు మొదలుపెడితే కూతురు రుద్రమదేవి పూర్తి చేసిందంటారు. ఇది మా ఆడపడుచు కూతురికి చెప్తే, ఆ పిల్ల తమ్ముణ్ని ఎత్తుకుని తోరణాలన్నీ చూపించింది. నాకు అరగంట కలిసొచ్చింది. చీకటి పడ్డాక జరిగే సౌండ్ అండ్ లైట్ షో బాగుంటుందిట. అది బిడ్డ పడక వేళ, పైగా చప్పుడు. మాకు వద్దు.

వేయిస్తంభాల గుడిని ఏ రోజుకీ రాసిపెట్టుకోకండి. 1163లో కాకతీయ రాజు రుద్రదేవుడు కట్టించిన ఆ త్రికూటాలయం (మూడు గర్భగుళ్ల గుడి) హనుమకొండ నడిబొడ్డునే ఉంది, అరగంటలో చూసి రావచ్చు. రామప్ప రోజు వాన పడినా, బిడ్డకి జలుబు చేసి దూరం వద్దనిపించినా అప్పుడు పనికొస్తుంది. ప్రతి ప్రయాణంలో ఇలాంటిది ఒకటి చేతిలో ఉంచుకోండి.

చుట్టాలు

నిజం చెప్పాలంటే గుళ్లు రాళ్లవి, ఎక్కడికీ పోవు, అలగవు. కష్టమంతా చుట్టాలతోనే.

రోజుకి ఒక ఇల్లు. మిగతావాళ్లని మీరు దిగిన చోటికే పిలవండి. పిలిచేది మీరు కాదు, ఇంటి పెద్ద పిలవాలి. మా అత్తమ్మే ఫోన్లు చేసింది: "పొల్లగాడు చిన్నోడు, తిప్పలేరు. మీరే సాయంత్రం రాండ్రి." ఆమె అంటే ఆప్యాయత, అదే నేనంటే పొగరు.

ఎనిమిది, తొమ్మిది నెలలప్పుడు పిల్లలు కొత్త మొహాలకి ఏడుస్తారు. అది ఎదుగుదలలో భాగమే, కానీ చేతులు చాచిన తాతయ్య నొచ్చుకుంటాడు. గడపలోనే ఎవరి చేతికీ ఇవ్వకండి. మీ ఒళ్లో కూర్చోబెట్టుకుని పది నిమిషాలు మామూలుగా మాట్లాడండి. తాతయ్య చేతికి ఒక స్టీలు గరిటె ఇచ్చి, బిడ్డ వైపు చూడకుండా ఆడిస్తూ ఉండమనండి. మావాడు తనంతట తనే గరిటె కోసం పాక్కుంటూ వెళ్లాడు.

తిండి దగ్గర మొహమాటం వద్దు. "మా పోరలందరికి తేనె నాకిపిచ్చిన, ఏమైంది?" అని ఒక పెద్దమ్మ అడిగింది. ఏడాది నిండని పిల్లలకి తేనె పెట్టకూడదు. అందులో ఉండగల ఒక సూక్ష్మజీవి వాళ్ల పేగుల్లో చేరి విషం పుట్టించవచ్చు. ఇదంతా ఆమెకి చెప్తే వాదన అవుతుంది. "డాక్టరు పుట్టినరోజు దాకా వద్దన్నాడు పెద్దమ్మా, ఆ రోజు మీ చేత్తోనే నాకించండి" అన్నాను. ఆ వాక్యం అలాగే వాడుకోండి. వద్దని చెప్పి, వెంటనే వాళ్ల చేతికి ఇంకో పని ఇవ్వాలి. సాంబ్రాణి పొగ వద్దన్నప్పుడు అత్తమ్మకి నూనె మర్దన, స్నానం అప్పజెప్పాను. నాకంటే ఆమే బాగా చేస్తుంది, అది ఒప్పుకోవడానికి నాకు మూడు రోజులు పట్టింది.

మీ పని

మీ కాగితం మీద ఖాళీలకి పెన్సిల్‌తో గీత గీయండి. ఒక్కో దాంట్లోంచి గంట తీసేసి మిగిలింది పక్కన రాయండి. మీరు వెళ్లబోయే ఊళ్లో చూడాలనుకున్నవన్నీ ఒక పక్క రాసి, ఒక్కోదానికి దారి ఎంతో వేయండి. నలభై నిమిషాలు దాటితే ఆ దారిని నిద్ర మీదకి జరపండి. జరగకపోతే ఆ చోటు కొట్టేయండి. చివరగా మీవైపు నుంచి ఫోన్లు చేయగల పెద్ద ఎవరో ఒక పేరు రాసుకోండి.

నాలుగో పాఠంలో తిరుగు ప్రయాణం గురించి, ఇంటికొచ్చాక రెండు మూడు రాత్రులు చెడే నిద్రని మళ్లీ దారిలో పెట్టడం గురించి చూద్దాం. దానికీ ఈ కాగితం కావాలి, పారేయకండి.