ఫోన్‌లో దొరికిన మాటకి పుట్టిల్లు వెతకడం ఎలా?

ఏటా ఆగస్టు 29న, గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజున, మా డిగ్రీ కాలేజీలో తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. వక్తృత్వ పోటీ జడ్జీల్లో నేనొకదాన్ని. ఒక ఏడాది తొమ్మిది మంది మాట్లాడితే ఏడుగురు ఒకే వాక్యంతో మొదలుపెట్టారు: "16వ శతాబ్దంలో మన దేశానికి వచ్చిన ఇటలీ యాత్రికుడు నికోలో డి కాంటి తెలుగుని ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్ అని మెచ్చుకున్నాడు." నాలుగో అమ్మాయి మైకు దగ్గరికి వచ్చేసరికి వెనక బెంచీలవాళ్ళు కోరస్ అందుకున్నారు.

తర్వాత స్టాఫ్‌రూమ్ బయట ఒకమ్మాయిని అడిగాను. "ఎక్కడ చూశావమ్మా?"

"గూగుల్‌లో మేడం. చాలా సైట్లలో ఉంది మేడం."

చిక్కంతా ఆ 'చాలా' దగ్గరే. పది సైట్లు ఒకదాన్ని చూసి ఒకటి రాసుకుంటే సాక్షి ఒక్కడే. కాపీ కొట్టిన ఆన్సర్ షీట్లు దిద్దే మాకు ఇది బాగా తెలుసు, తప్పులు కూడా ఒకేచోట ఉంటాయి.

కాబట్టి మొదటి పని: అనుమానం వచ్చిన వాక్యాన్ని వేలితో నొక్కిపట్టి కాపీ చేయండి. సెర్చ్‌లో పేస్ట్ చేసి అటూ ఇటూ కొటేషన్ గుర్తులు పెట్టండి. వచ్చిన పేజీల్లో అక్షరం పొల్లుపోకుండా అదే వాక్యం ఉంటే, అవి ఎన్నున్నా ఒక్కటిగానే లెక్కేసుకోండి.

తర్వాత, ఆ మాట అన్నాడంటున్న మనిషి గురించి విడిగా వెతకండి. కాంటి 1469లోనే చనిపోయాడు. 16వ శతాబ్దంలో వచ్చి మెచ్చుకున్నదెవరు మరి? అతను చెప్పగా రాసుకున్న యాత్రా వృత్తాంతం ఇంగ్లీషులో 1857లో హక్లూయిట్ సొసైటీ (పాత యాత్రా గ్రంథాలు అచ్చువేసే సంస్థ) వేసిన 'ఇండియా ఇన్ ది ఫిఫ్టీన్త్ సెంచరీ' పుస్తకంలో ఉంది. శతాబ్దమేదో అట్ట మీదే రాసి ఉంది! ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఉచితంగా చదవొచ్చు. పుస్తకం తెరిచి భూతద్దం గుర్తు నొక్కితే లోపలి మాటలు వెతుక్కోవచ్చు. ఇంగ్లీషులో 'Telugu' ఒక్కటే కొట్టి ఊరుకోకండి, పాత ఇంగ్లీషు పుస్తకాల్లో మనల్ని 'జెంటూ' (Gentoo) అని కూడా రాశారు. ఆ అమ్మాయి రెండ్రోజులు వెతికింది. ఆ పొగడ్త ఉన్న పేజీ చూపించలేకపోయింది. నేనూ చూపించలేను.

ఇక 'ప్రపంచ లిపుల్లో తెలుగుకి రెండో స్థానం' అనే మాట. ఇందులో నేనే పప్పులో కాలేశాను. ఇదంతా వాట్సాప్ సరుకని క్లాసులో తీసిపారేశాను. మా బీఎస్సీ కుర్రాడొకడు నన్ను నమ్మకుండా (మంచిపని చేశాడు) సొంతంగా వెతికాడు. వాడు చేసిన తెలివైన పని, ప్రశ్నలో జవాబు పెట్టకపోవడం. 'తెలుగు రెండో ఉత్తమ లిపి' అని కొడితే అవునవును అనే పేజీలే వస్తాయి. వాడు తెలుగు పేరే ఎత్తకుండా, ఫార్వార్డ్‌లో ఉన్న మిగతా ముక్కలు, లిపుల పోటీ, బ్యాంకాక్, 2012 అని ఇంగ్లీషులో కొట్టాడు. కొరియా పత్రికల వార్తలు వచ్చాయి. క్రోమ్‌లో మూడు చుక్కలు నొక్కి ట్రాన్స్‌లేట్ పెట్టి చదివాడు. 2012 అక్టోబరులో బ్యాంకాక్‌లో 'వరల్డ్ ఆల్ఫాబెట్ ఒలింపిక్స్' పేరుతో పోటీ జరిగిన మాట నిజం. కొరియా లిపి హంగుల్ మొదటిది, తెలుగు రెండోది, ఇంగ్లీషు మూడోది. అయితే ఆ పోటీ నడిపించడంలో ముందున్నది కొరియావాళ్ళే. 2009లో జరిగిన పోటీలోనూ మొదటి స్థానం హంగుల్‌దే. ఫార్వార్డ్‌లో ఈ సంగతి ఉండదు.

తెలుగు వికీపీడియా చూస్తే వ్యాసం కన్నా ముందు అడుగున 'మూలాలు' దాకా స్క్రోల్ చేయండి, లింకులు నొక్కి చూడండి. సెర్చ్‌లో అన్నిటికన్నా పైన వచ్చే ఏఐ జవాబు కూడా ఆ పది సైట్ల ఎంగిలే కావచ్చు, పక్కనున్న లింకు తెరవకుండా నోట్సులోకి ఎక్కించకండి. వాట్సాప్ మెసేజ్ మీద రెండు బాణాల గుర్తుంటే అది కనీసం ఐదు చేతులు మారి వచ్చిందని అర్థం. స్క్రీన్‌షాట్ తీసేటప్పుడు పైన అడ్రస్ బార్ కూడా పడేలా తీయండి. వారం తర్వాత "ఎక్కడ చూశావ్?" అంటే నేల చూపులు చూడక్కర్లేదు.

మరుసటి ఏడాది అదే అమ్మాయి మళ్ళీ పోటీకి వచ్చింది. తెలుగుకి రెండో స్థానం ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు, మొదటిది ఎవరికి పోయింది అంటూ మొదలుపెట్టింది. హాలంతా ఒకటే నవ్వు. మూడు నిమిషాల గంట మోగేసరికి ఇంకా బ్యాంకాక్‌లోనే ఉంది. రూల్ రూలే కాబట్టి మూడో బహుమతి ఇచ్చాం.